పదిహేడు ఇళ్ళు

(తొమ్మిదో వారం)

“సంతకం పెట్టు. పెట్టి ఇంటికి రా. అంతకు మించి నోరు తెరవద్దు.”

పొద్దున్నుంచి బాషా ఈ మాట అనడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒకే గొంతుతో అన్నాడు. అరిచే ఓపిక ఆయనకు రెండు రోజుల కిందటే అయిపోయింది.

షాహిదా పొయ్యి వైపు తిరిగింది. బొరుగుల ఉగ్గాని అడుగంటిన వాసన వస్తుంటే గ్యాస్ కట్టేసి, మూడు గిన్నెల్లో పెట్టింది. ఎవరూ గిన్నె ముట్టలేదు.

“నీకే చెప్పేది.”

“వింటాండా.”

“వింటే సాలదు. అనంతపురం సారు సాయంత్రం నాలుక్కు బడికాడికి వస్తాడు. ‘మౌనిక ఇంటికి పోయి అడిగినావామ్మా’ అంటాడు. ‘అడిగినా సార్’ అను. అయిపోయె.”

“అడగలే గదా.”

“అడగలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంగెవురికి తెలుసు?”

గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్న షాహిస్తా చెయ్యి ఆగింది. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంటున్న పిల్ల.

“నాకు తెలుసు నాయనా. ఫోన్లో నొక్కింది నేను.”

బాషా కూతురి వైపు చూశాడు. నీళ్ళ చెంబు అందుకున్నాడు.

మౌనిక పోయి నిన్నటికి పదకొండు రోజులు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఒంటిపూట బడి వదిలాక మేకపిల్లకు నీళ్ళు తాపుదామని బయ్యన్న చీనీ (బత్తాయి) తోటలోని నీటి కుంట దగ్గరికి పోయింది. నీరు ఇంకిపోకుండా ఆ కుంటకు నాలుగు పక్కలా నల్లటి ప్లాస్టిక్ పట్ట పరిచి ఉంటుంది. కాలు జారితే పట్టుకునేందుకు గడ్డిపోచ కూడా ఉండదు. ఆ తోటలో పనిచేసే బాషాయే దిగి పిల్లను పైకి తెచ్చాడు.

ఆ పిల్ల పేరు షాహిదా ఫోన్లో ఆకుపచ్చ రంగులో ఉంది.

జనవరిలో అనంతపురం నుంచి ఒక కాలేజీ వాళ్ళు వచ్చి, ఆరు ఊళ్ళలో బడికి పోయే పిల్లల్లో ఎవరు నీళ్ళలో పడే ప్రమాదం ఎక్కువో ముందే కనిపెడతామన్నారు. కళ్యాణదుర్గం పక్కన, తాగేందుకే నీళ్ళు లేని ఊళ్ళో ఇదేం సర్వే అని జనం నవ్వారు. కానీ ఇప్పుడు తోటకొక కుంట తవ్వారు. చెరువులు ఎండి పాతికేళ్ళు కావడంతో ఊళ్ళో ఈత వచ్చిన పిల్లలు ఒక్కరూ లేరు.

ఊళ్ళో ఆశా కార్యకర్త కాబట్టి పని షాహిదా మీద పడింది. ఇంటింటికీ పోయి పది ప్రశ్నలు అడగాలి. బడి వదిలాక ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరుంటారు? నీళ్ళు ఎంత దూరం? పశువుల్ని నీళ్ళకు తోలుకుపోతారా? ఈత వచ్చా? కుంటకు కంచె ఉందా? జవాబులు నొక్కితే ఫోనే లెక్క కట్టి పిల్ల పేరు పక్కన ఎరుపో పసుపో ఆకుపచ్చో చూపిస్తుంది. ఎరుపు వచ్చిన పిల్లల అమ్మానాన్నల్ని బడికి పిలిపించి చెప్పారు. పంతుళ్ళు ఆ పిల్లల మీద ఒక కన్నేసి ఉంచారు. ఆకుపచ్చ పిల్లల గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఊళ్ళో నూట పన్నెండు మంది పిల్లలు. గడువు నాలుగు రోజులు. పదిహేడు ఇళ్ళకు మాత్రం ఎప్పుడు పోయినా తాళమే. ఆఖరి రోజు సాయంత్రం షాహిదా ఈ ఇంట్లోనే గోడకు ఆనుకుని కూర్చుని, ఆ పదిహేడు ఇళ్ళ తరఫున తానే జవాబులు చెప్పింది. కూతురు నొక్కింది. పెద్దవాళ్ళు ఉంటారు. నీళ్ళ దగ్గరికి పోరు. కంచె ఉంది.

అన్నీ ఆకుపచ్చే వచ్చాయి.

“నువ్వేమన్నా కావాలని చేసినావా?” బాషా గొంతు తగ్గించాడు. “ఆ వారం నీకు బీపీ సర్వే ఉండె, పిల్లోళ్ళ సూదులుండె. నీ కాళ్ళు ఎంత వాచినాయో నేను చూల్లేదా? ఆ మనుషులు తలుపు తీసింటే నువ్వు అడిగిందువు.”

“మూడు తూర్లు పోయినా. నాలుగో తూరి పోలే.”

“పోయినా తాళమే ఉంటుండె.”

“తాళం ఉండాదని రాసింటే సాలు గదా! బిడ్డకాడ పెద్దోళ్ళు ఎవురూ లేరని ఆ తాళమే చెప్తాండె.”

బయట ఎవరిదో కోడి కూసి ఊరుకుంది.

బాషా నీళ్ళ చెంబు కింద పెట్టి అడిగాడు. “కంచె ఉండాదని ఏమిటికి నొక్కిచ్చినావు?”

“నేను కళ్ళారా చూసింటి. రాతి కూసాలు, చుట్టూ ముళ్ళతీగ.”

“ఎప్పుడు?”

“పోయినేడు, చీనీకాయలు కోసేటప్పుడు.”

బాషా తన అరచేతుల వైపు చూసుకున్నాడు. “తీగ నేనే పీకినా,” అన్నాడు.

షాహిదా తలెత్తింది.

“శెనగచేన్లో అడవి పందులు పడ్తాండె. కుంటకాడ తీగ పీకి చేనికి కట్టప్పా అన్నాడు బయ్యన్న. కుంటకు మళ్ళ కొత్తది తెస్తానన్నాడు. తేలే. నేనూ అడగలే. కూసాలు అట్లనే ఉండాయి, దూరం నుంచి చూస్తే కంచె మాదిరే కనపడ్తాది.”

“పదకొండు దినాలైంది. నాకు ఒక్క మాట చెప్పలే.”

“ఆ పదిహేడు ఇండ్ల సంగతి నువ్వు నాకు చెప్పినావా? మొన్న సారు ఫోన్ చేసినాక గదా నాకు తెలిసింది.”

షాహిస్తా బియ్యం చాట పక్కన పెట్టి లేచింది. తండ్రి గిన్నె ముందుకు జరిపింది. తల్లి గిన్నె ముందుకు జరిపింది. తన గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయింది. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని చల్లారిపోయిన ఉగ్గాని తిన్నారు. ఇద్దరిలో ఒక్కరు ఏడ్చినా రెండోవాళ్ళకు ఏం చెయ్యాలో తెలిసేది.

*

పది గంటలకు బయ్యన్న వచ్చాడు.

ఆయన ఒకప్పుడు సర్పంచు. చీనీ తోట, శెనగచేను, రెండు బోర్లు ఉన్న మనిషి. ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. షాహిస్తా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. ఆయన కూర్చోవడానికి కూడా కాస్త తడబడ్డాడు. పదకొండు రోజుల్లో మనిషి సగమయ్యాడు.

“ఏం షాహిదమ్మా, బాగుండావా?” అని, అలా అడిగినందుకు తానే నొచ్చుకున్నట్టు తల వంచుకున్నాడు.

“టీ పెడ్తా అన్నా.”

“వద్దుమ్మా. ఏమీ దిగడం లేదు. మా ఇంటిది సుబ్బరత్నమ్మ గూడ అంతే, రెండు పూట్లా అన్నం ముందర కూసొని లేసిపోతాంది. ఆ బిడ్డ మా ఇంటికాడికి వస్తాండె, చీనీకాయ ఒకటి ఇస్తే ఒక్కదాన్నే దినమంతా తింటాండె.”

బాషా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు.

“అయ్యేది అయిపోయె,” అన్నాడు బయ్యన్న. “ఇప్పుడు నాకు మీ సర్వే కాగితం ఒకటే దిక్కు. అంత సదువుకున్నోళ్ళు లెక్క చేసి ఆ బిడ్డకు ప్రమాదం లేదన్నారు. అట్లాంటప్పుడు నా కుంటది తప్పెట్లయితాది? రాత అంటారు, ఊరుకుంటారు. కాగితమే తప్పు అని తేలిందనుకో, ఫస్టు కంచె యాడ అంటారు. ఉన్న తీగ ఎవురు పీకినారంటారు.”

ఆయన బాషా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదని ముగ్గురికీ తెలుసు.

“బాషా నా దగ్గర పద్నాలుగేళ్ళ నుంచి చేస్తాండాడు. వానికి కష్టం రావడం నాకు ఇష్టమా, చెప్పు.”

షాహిదా కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అడిగింది. “మిగతా పిల్లోళ్ళ సంగతేంటన్నా?”

“ఏ పిల్లోళ్ళు?”

“ఆ పదిహేడు ఇండ్లలో పిల్లోళ్ళు. వాళ్ళ పేర్లూ ఆకుపచ్చగానే ఉండాయి. ఎవురూ చూడడం లేదు.”

“అందరూ బాగుండారు గదమ్మా.”

“నేటికి బాగుండారు.”

“లేనిపోంది ఊహించుకోవద్దు తల్లీ. ఊహించుకుంటే బతకలేం.”

“ముందే ఊహించుకునేకే గదన్నా ఆ సర్వే పెట్టింది.”

బయ్యన్న లేచేటప్పుడు కుర్చీ కోళ్ళు బండల మీద కీచుమన్నాయి. “సాయంత్రం నేను గూడ బడికాడ ఉంటా,” అన్నాడు గడప దాటుతూ. అది బెదిరింపో, తోడు ఉంటానని చెప్పడమో షాహిదాకు అర్థం కాలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

*

నాలుగింటికి బడి ఖాళీగా ఉంది. ఒంటిపూట కావడంతో పిల్లలు పన్నెండున్నరకే వెళ్ళిపోయారు. నాలుగో తరగతి గదిలో అనంతపురం సారు రామదాసు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మోటార్ సైకిల్ మీద వచ్చినందువల్ల కనుబొమల దాకా దుమ్ము ఉంది. ఎదురు బెంచీ మీద షాహిదా, షాహిస్తా. కిటికీ పక్కన బాషా. గుమ్మంలో కుర్చీ వేసుకుని బయ్యన్న.

“షాహిదా గారూ, ఇది మీ మీద విచారణ కాదు,” అన్నాడు రామదాసు. “నాకు ఒకటే సందేహం. ఆకుపచ్చ వచ్చిన పిల్ల మునిగిపోయింది. రెండే దారులు. లెక్క తప్పయినా అయ్యుండాలి, జవాబులు తప్పయినా అయ్యుండాలి.”

“లెక్క తప్పయితే ఏం చేస్తారు సార్?” అడిగింది షాహిస్తా. తల్లి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“మారుస్తామమ్మా. ఈ పిల్ల ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు, కంచె ఉంది, అయినా పోయింది. అంటే పెద్దవాళ్ళు దగ్గర ఉన్నా, కంచె ఉన్నా పెద్దగా ప్రయోజనం లేదని లెక్క నేర్చుకుంటుంది. అప్పుడు ఆరు ఊళ్ళలోనూ రంగులు మారిపోతాయి. ఇప్పుడు ఎరుపులో ఉన్నవాళ్ళు కొందరు పసుపులోకి, ఆకుపచ్చలోకి పోవచ్చు.”

“వాళ్ళ మీద ఇంగ కన్ను ఉండదు,” అంది షాహిదా మెల్లగా.

“ఉండదు.”

ఆయన ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. జవాబులన్నీ ఇంటి దగ్గరే అడిగి నింపినట్టు నాలుగు వాక్యాలు. కింద ఆమె పేరు, పక్కన ఖాళీ.

పెన్ను బెంచీ మీద దొర్లి కింద పడింది. షాహిస్తా వంగి తీసి తల్లి చేతికిచ్చింది. షాహిదా దాన్ని కాగితం దాకా తెచ్చి ఆపింది. కిటికీ దగ్గర బాషా ఊపిరి వినిపిస్తోంది. ఆ మనిషి వైపు చూస్తే నోరు రాదని ఆమెకు తెలుసు. నల్లబల్ల వైపు చూసింది. పొద్దున రాసిన ఎక్కాలు సగం చెరిపి ఉన్నాయి.

“నేను అడగలేదు సార్.”

పెన్ను కాగితం మీద పెట్టేసింది.

“మౌనిక ఇంటికి మూడు తూర్లు పోయినా. తాళం ఉండె. జవాబులు నేనే చెప్పినా. కంచె గూడ మళ్ళ పోయి చూడకుండా చెప్పినా. కంచె లేదు సార్ ఆడ. కూసాలే ఉండాయి.”

“ఇలా ఎన్ని ఇళ్ళు?”

“పదిహేడు.”

రామదాసు కళ్ళద్దాలు తీసి, కళ్ళు రుద్దుకున్నాడు. దుమ్ము చెంపల మీదికి పూసుకుంది.

“నాలుగు రోజుల్లో నూట పన్నెండు మంది,” అన్నాడు చివరికి. “ఆ గడువు పెట్టింది నేను. అదీ రాయాలి.” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “మీరు చెప్పారు. చెప్పనివాళ్ళు మిగతా ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో.”

గుమ్మంలో బయ్యన్న లేచి నిలబడ్డాడు. “బాషా,” అన్నాడు. ఆ ఒక్క మాటే అని మెట్లు దిగి పోయాడు.

బాషా వెంటనే కదల్లేదు. భార్యను ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని షాహిదా వెతికింది. కోపం ఉంటే బాగుండేది. చెప్పులు వేసుకుని బయ్యన్న వెనకాలే వెళ్ళిపోయాడు.

“నా పని ఉంటాదా సార్?”

“నాకు తెలియదు షాహిదా గారూ. నేను రాయాల్సింది రాస్తాను. మీ పైవాళ్ళు ఏం చేస్తారో నా చేతిలో లేదు.” ల్యాప్‌టాప్ మూశాడు. “ఇప్పుడు అది కాదు తొందర. ఈ నెలాఖరుకు ఎండాకాలం సెలవులు. పిల్లలు పొద్దస్తమానం బయటే. ఈలోగా ఆ పదిహేడు ఇళ్ళూ మళ్ళీ అడగండి. ఈసారి అడగండి.”

“పదహారు సార్. ఒక బిడ్డ పోయింది గదా.”

“పదిహేడే. ఆ ఇంట్లో ఇంకో పిల్లవాడున్నాడు. భరత్. ఆరేళ్ళు. వాడి పేరూ ఆకుపచ్చలోనే ఉంది.”

*

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. షాహిదా అడుగుతుంది, షాహిస్తా నొక్కుతుంది.

మొదటి ఇల్లు తిప్పయ్యది. మనవడు ఏడేళ్ళవాడు. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనికి పోయి ఏడాదయింది. జనవరిలో ఆ వారం తాతా మనవడూ వాళ్ళ దగ్గరికే పోయి ఉండటంతో ఇంటికి తాళం. తిప్పయ్యకు చూపు మందగించింది.

“బడి ఇడిసినాక పిల్లోని దగ్గర ఎవురుంటారు తాతా?”

“నేనుండా గదా.”

“నువ్వు చూస్తాంటావా వాన్ని?”

తిప్పయ్య నవ్వాడు. “నా కండ్లకు నువ్వే కనపడ్డం లేదు. వాని గొంతు వింటాంటా. గొంతు వినపడకపోతే పిలుస్తా. పలికితే ఉండాడని, పలక్కపోతే లేడని.”

“ఈత వచ్చునా?”

“మా కాలంలో నీళ్ళుండె, నేర్చుకుంటిమి. వీళ్ళ నాయన కాలానికి నీళ్ళు లేవు. ఇప్పుడు నీళ్ళు వచ్చినాయి, నేర్పేటోళ్ళు లేరు.”

ఎరుపు వచ్చింది. షాహిస్తా ఫోన్ తల్లికి చూపించి, గబుక్కున వెనక్కి లాక్కుంది.

రెండో ఇంట్లో పసుపు. మూడో ఇంట్లో ఎరుపు. అక్కడ సోమప్ప కూతురు పదకొండేళ్ళది. బడి వదిలాక ఎనిమిది మేకల్ని ఒంటరిగా తోలుకుపోతుంది. ఎక్కడ నీళ్ళు తాపుతావంటే, “యాడ కంచె లేకపోతే ఆడ,” అంది తడుముకోకుండా.

జనవరిలో ఈ పిల్ల పేరు ఎదురుగా షాహిదా చెప్పిన జవాబు, నీళ్ళ దగ్గరికి పోదు.

నాలుగో ఇంటికి పోయే దారిలో మోపెడ్ చప్పుడు వినిపించి పక్కకు తప్పుకున్నారు. బాషా. వెనక సీటు మీద తుప్పుపట్టిన ముళ్ళతీగ చుట్ట, ముందర గడ్డపార. మోచేతి దగ్గర గీరుకుని రక్తం కారుతోంది. మోపెడ్ ఆపాడు కానీ ఇంజన్ ఆర్పలేదు.

“శెనగచేన్లోదా?” అడిగింది షాహిదా.

“ఊఁ.”

“బయ్యన్న ఏమన్నాడు?”

“రేపట్నుంచి రావద్దన్నాడు. సరే అన్నా. నేటికి నా పని ఉండాది గదా, కుంటకు తీగ కట్టి పోతా అన్నా.”

“పందులు పడితే?”

“పందులు తింటే తిననీ.”

అంతే అని ముందుకు పోయాడు. దుమ్ము తగ్గేదాకా తల్లీకూతుళ్ళు అక్కడే నిలబడ్డారు. పద్నాలుగేళ్ళ పని పోయిందన్న మాట ఇంకా షాహిదా చెవుల్లోనే ఉంది, లోపలికి దిగలేదు. దిగేందుకు రేపు ఉంది.

“ఇంటికి పోదామా అమ్మా? మిగతావి రేపు అడుగుదాం.”

“ఇంగొక్క ఇల్లు,” అంది షాహిదా.

ఏ ఇల్లో షాహిస్తా అడగలేదు.

*

మౌనిక తల్లి హేమ వాకిట్లో కూర్చుని స్టీలు క్యారియర్ బూడిదతో తోముతోంది. పొద్దు ఇంకా ఉంది. పక్కన భరత్ పలక మీద ఏదో గీస్తున్నాడు. దినాలకు వచ్చిన చుట్టాలంతా నిన్న రాత్రికే వెళ్ళిపోయారు. తాడిపత్రిలో బండల లారీ నడిపే భర్త ప్రతాప్ కూడా పొద్దున బస్సుకు వెళ్ళాడు.

“రా అక్కా. కూసో.”

షాహిదా మంచం అంచున కూర్చోలేదు. నేల మీద, హేమ ఎదురుగా కూర్చుంది.

“రేపట్నుంచి పనికి పోతాండావా?” క్యారియర్ చూసి అడిగింది.

“పోవల్ల గదక్కా. టమోటా కోతలు ఐపోతాండాయి. ఇంట్లో కూసుంటే గోడలు చూస్తాండల్ల.”

“హేమా, నీకొకటి చెప్పేకి వచ్చినా.”

చెప్పింది. మధ్యలో ఆగకుండా చెప్పింది. మూడుసార్లు వచ్చి పోవడం, నాలుగోసారి రాకపోవడం, ఇంట్లో కూర్చుని తానే జవాబులు చెప్పడం, కంచె, ఆకుపచ్చ రంగు, సాయంత్రం బడిలో తాను అన్న మాట. చెప్పేంతసేపూ హేమ క్యారియర్ మూత తోముతూనే ఉంది. ఆ మూత ఎప్పుడో తెల్లబడింది.

మాటలు అయిపోయాయి. షాహిస్తా గోడ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

“నిన్ను తిట్టల్ల అక్కా నేను,” అంది హేమ చివరికి. “జుట్టు పట్టుకొని తిట్టల్ల. తిట్టేకి గూడ శక్తి లేదు.”

“తిట్టు.”

“అందరూ వచ్చి నాకు చెప్తాండారు. రాత అనిరి. బయ్యన్న భార్య వచ్చి కాళ్ళు పట్టుకునె. మా ఆయప్ప, ‘నువ్వు మేకపిల్లను ఏమిటికి కొన్నావు’ అనె. అనేసి ఆయప్పే గోడకు తల కొట్టుకునె.” క్యారియర్ నీళ్ళతో కడిగింది. “అక్కా, నిజం చెప్తా విను. ఆ దినం నువ్వొచ్చి అడిగింటే నేనేం చెప్పిందును? ‘మా అత్త ఉంటాది’ అని చెప్పిందును.”

“మీ అత్త పోయి రెండేండ్లాయె గదా.”

“అయినా చెప్పిందును. లేకుంటే పక్కింటి ఆయమ్మ చూస్తాదని చెప్పిందును. బిడ్డను ఒంటిగా ఇడిసిపోతాండానని ఏ తల్లి తన నోటితో చెప్తాది?”

“అట్ల చెప్పింటే నేను నమ్మకపోదునేమో. మీ అత్త లేదని నాకు తెలుసు గదా. ఇంగో మాట అడిగిందునేమో.”

“ఏమో,” అంది హేమ.

“ఏమో,” అంది షాహిదా.

ఇద్దరికీ ఆ మాట దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. దాన్ని దాటి ఎటు పోయినా అక్కడ మౌనిక బతికే ఉంది.

హేమ చేతులు చీరకు తుడుచుకుని భరత్‌ను పిలిచింది. వాడు పలకతో సహా వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు.

“వీనికి అడుగు,” అంది.

“ఇప్పుడొద్దు హేమా. రెండు దినాలు పోనీ.”

“రెండు దినాలు పోతే నేను ఇంట్లో ఉండను, మళ్ళ తాళమే. ఇప్పుడు అడుగు. ఈసారి నిజమే చెప్తా.”

షాహిస్తా ఫోన్ తెరిచింది. ఆ ఇంటి పేరు నొక్కితే రెండు పేర్లు వచ్చాయి. పై పేరు మీద వేలు పడకుండా జాగ్రత్తగా కింది పేరు నొక్కింది.

“బడి వదిలినాక ఇంట్లో పెద్దోళ్ళు ఎవురుంటారు?”

“ఎవురూ ఉండరు.”

“నీళ్ళు ఎంత దూరం?”

“నువ్వు చూసినావు గదక్కా. రాసుకో.”

“ఈత వచ్చునా?”

“రాదు.”

“నీళ్ళ దగ్గరికి పోతాడా?”

హేమ కొడుకు తల మీద గడ్డం ఆనించింది. “నిన్న పోయినాడు. దినాలకు వచ్చిన మనుషులంతా అన్నాలు తింటాండారు. చూస్తే వీడు లేడు. మా ఆయప్ప పరిగెత్తినాడు. కుంటకాడ గట్టు మీద కూసొని ఉండాడు. ఏమిరా అంటే, అక్క యాడికి పోయింది చూసేకి వచ్చినా అన్నాడు.”

షాహిస్తా నొక్కడం ఆపేసింది. షాహిదా కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుని మిగతా ప్రశ్నలు తానే నొక్కింది. ఒక్కో జవాబు హేమ నోటి నుంచి వచ్చాక, మళ్ళీ ఒకసారి అడిగి నొక్కింది.

ఎరుపు వచ్చింది.

భరత్ మెడ సాచి ఫోన్లోకి చూశాడు. “ఎర్రది వస్తే పాసా?” అని అడిగాడు.

వాడు తల్లి మొహంలోకి చూశాడు, షాహిదా మొహంలోకి చూశాడు, మళ్ళీ పలక మీద గీసుకోవడం మొదలుపెట్టాడు.

“ఎర్రది వస్తే ఏం చేస్తారక్కా?”

“బడికి పిలిపించి చెప్తారు. పంతుళ్ళు కనిపెట్టుకొని ఉంటారు.”

“పంతుళ్ళు పన్నెండున్నరకు తాళం వేసి పోతారు. పిలిపించి ఏం చెప్తారు?”

షాహిదా తడబడింది. “పెద్దోళ్ళు దగ్గరుండల్లని చెప్తారు.”

“పెద్దోళ్ళు,” అంది హేమ. ఆ గొంతులో వెటకారం లేదు. తోమిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి క్యారియర్‌కు కొక్కెం బిగించింది.

“రేపు ఆరింటికి ఆటో వస్తాది. బడి పన్నెండున్నరకు ఇడుస్తారు. నేను ఈడికి వచ్చేసరికి మళ్ళ ఆరు. మధ్యలో వీని దగ్గర ఎవురుంటారో గూడ ఆ ఫోన్లో ఉండాదేమో చూడక్కా.”